లక్నవరం ఒడ్డున ఒక రాత్రి

డిసెంబరులో లక్నవరం చెరువు ఒడ్డున టెంటు వేసుకున్నవాళ్లు సాయంత్రం ఒక మాట అంటారు, తెల్లారేసరికి దాన్నే తిరగేస్తారు. పొద్దు గుంకే వేళ నీళ్లలో కాళ్లు పెట్టి, ‘అబ్బ, ఎంత చల్లగా ఉన్నాయో’ అనుకుంటారు. తెల్లవారుజామున అయిదింటికి మొహం కడుక్కోవడానికి అదే ఒడ్డుకు వచ్చి, చెయ్యి ముంచి, ‘ఇదేంటి, గోరువెచ్చగా ఉన్నాయి’ అంటారు. రాత్రికి రాత్రి చెరువును ఎవరూ వేడి చేయలేదు. నిజానికి ఆ పన్నెండు గంటల్లో నీరు ఒక డిగ్రీ అటూ ఇటుగా చల్లబడింది కూడా. మారింది గాలి. సాయంత్రం నీటికన్నా వెచ్చగా ఉన్న గాలి, తెల్లవారేసరికి నీటికన్నా బాగా చల్లబడింది.

రాత్రి నడుమ ఎక్కడో జరిగిపోయే ఈ తారుమారును నిద్రలో ఎవరూ గమనించరు. కానీ చెరువు పక్కన పడుకున్న మనిషికి ఎదురయ్యే సంగతులు చాలామటుకు దీన్నుంచే పుడతాయి. అవతలి ఒడ్డు మాటలు చెవిలో చెప్పినట్టు వినిపించడం, అర్ధరాత్రి గుట్టల మీంచి చలి దిగిరావడం, నీటి మీద పొగలు లేవడం వెనక ఉన్నది ఇదే. టెంటు లోపలి తడికీ దీనికీ దగ్గరి చుట్టరికం ఉంది.

ముందు చోటు సంగతి. లక్నవరం ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలో, వరంగల్‌కు సుమారు 75 కిలోమీటర్ల దూరంలో ఉంది. పదమూడో శతాబ్దంలో కాకతీయులు కట్టించిన చెరువు ఇది. అదే జిల్లాలో ఉన్న రామప్ప చెరువు, నర్సంపేట దగ్గరి పాకాల కూడా ఆ కాలానివే. ఈ చెరువుల పనితనమంతా చోటు ఎంపికలో ఉంది. చుట్టూ గుట్టలున్న లోయను వెతికి పట్టుకొని, నీరు జారిపోయే ఇరుకు సందుల్లో మాత్రం కట్ట పోశారు. మిగతా గోడల పని గుట్టలే చూసుకున్నాయి. తక్కువ మట్టితో ఎక్కువ నీరు నిలపడమనే లెక్క అంత చక్కగా తెలిసినవాళ్లు వాళ్లు. లోయ నిండాక నీట మునగకుండా మిగిలిన గుట్టల కొనలే ఇప్పుడు మనం దీవులంటున్నవి. పదమూడు ఉన్నాయని చెబుతారు. వాటిలో కొన్నింటికి వేలాడే వంతెన వేసి, పర్యాటక శాఖ కాటేజీలు కట్టింది. సాగునీటి కోసం ఎంచుకున్న ఆ ఆకారమే, అంటే చుట్టూ ఎత్తు, నడుమ నీరు, ఈ రాత్రికి రంగస్థలం.

ఇక వేడి లెక్క. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వెచ్చబరచాలంటే సుమారు 4.18 జూళ్ల శక్తి కావాలి. పొడి మట్టికి అందులో అయిదో వంతు చాలు. గాలి సంగతి మరీ అన్యాయం. ఒక ఘనపు మీటరు నీరు ఒక డిగ్రీ చల్లబడుతూ వదిలే వేడితో దాదాపు 3,500 ఘనపు మీటర్ల గాలిని ఒక డిగ్రీ వెచ్చబరచవచ్చు. మబ్బులేని చలికాలపు రాత్రి చెరువు ప్రతి చదరపు మీటరు నుంచి సెకనుకు 100 జూళ్ల చొప్పున వేడిని కోల్పోతోందనుకుందాం. పన్నెండు గంటల్లో పోయేది 43 లక్షల జూళ్లు. వినడానికి పెద్ద అంకె, కానీ పైనున్న ఒక్క మీటరు మందం నీటిని అది చల్లబరిచేది ఒక డిగ్రీ మాత్రమే. పైగా చల్లబడిన పైనీరు బరువెక్కి కిందికి దిగుతుంది, కిందున్న వెచ్చని నీరు పైకి వస్తుంది. అందుకని చలి ఒక్క పైపొరకే పరిమితం కాకుండా లోతుకు పంచుకుపోతుంది.

నేలకు ఆ వెసులుబాటు లేదు. మట్టి కిందికీ పైకీ కదలదు, వేడిని నెమ్మదిగా మాత్రమే పైకి పంపుతుంది. కాబట్టి పైపొర ఒక్కటే నష్టమంతా భరించి గబగబా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలీ అంతే. డిసెంబరులో ఈ ప్రాంతంలో పగలు 28, 29 డిగ్రీల దాకా ఉండే గాలి తెల్లవారుజామున 13, 14కు, చలి ముదిరిన రోజుల్లో ఇంకా కిందికి దిగుతుంది. చెరువు మాత్రం ఆ రెండింటికీ నడుమ ఒకచోట, 23 డిగ్రీల దగ్గర అనుకోండి, కదలకుండా కూర్చుంటుంది.

సాయంత్రం ఆరింటికి నీరు గాలికన్నా ఇంకా చల్లగానే ఉంటుంది. నీటిని ఆనుకున్న గాలి పొర చల్లగా, దానిపై పొరలు వెచ్చగా ఉంటాయి. మామూలుగా పగటిపూట గాలి కింద వేడిగా, పైకి పోయేకొద్దీ చల్లగా ఉంటుంది కదా, ఇప్పుడది తలకిందులైంది. శబ్దం గాలిలో 20 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్ల వేగంతో పోతుంది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే వేగం 0.6 మీటర్లు పెరుగుతుంది. స్వల్పమే, కానీ చెరువు అవతలి దాకా పోయే దారిలో అది చాలు. శబ్ద తరంగం పైభాగం వెచ్చని గాలిలో కాస్త వేగంగా, కిందిభాగం చల్లని గాలిలో కాస్త నిదానంగా నడుస్తుంది. దాంతో తరంగం ముందుకు వాలి, ఆకాశంలోకి పోవలసిన శబ్దం వంగి మళ్లీ నీటి మీదికే దిగుతుంది. నున్నటి నీటికి శబ్దాన్ని పీల్చే గుణం లేదు, గడ్డీ ఆకులూ పీల్చుకున్నట్టు పీల్చదు. గాలి హోరు కూడా ఆ వేళకు తగ్గుతుంది. అవతలి దీవిలో ఎవరో ‘ఉప్పు ఎక్కడ పెట్టినవ్’ అని అడగడం ఇవతల వినిపించడానికి కారణం ఇదంతా. మన మాటలూ వాళ్లకు అంతే స్పష్టంగా వినిపిస్తాయి. స్పీకర్లు పెట్టుకొని అడవికి వచ్చే బృందాలకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుణ్ను. నీటి దగ్గరికి రావలసిన జంతువులు ఆ మోత విని రాత్రంతా ఆగిపోతాయి.

రాత్రి ముదిరేకొద్దీ చలికి ఒక దారి దొరుకుతుంది. గుట్టల పైభాగం ఆకాశానికి ఎదురుగా ఉండి వేడిని వేగంగా వదిలేస్తుంది. అక్కడ చల్లబడిన గాలి బరువెక్కి, వాలు వెంబడి నీళ్లలాగే పల్లానికి జారుతుంది. ఒర్రెలు, వాగుల దారులు దానికీ దారులే. చివరికి లోయ అడుగున చేరి నిలుస్తుంది. అందుకే టెంటు వేయడానికి చూడముచ్చటగా కనిపించే చోటు, అంటే రెండు గుట్టల మధ్య గడ్డి పరిచిన పల్లం, ఆ చుట్టుపక్కల అన్నింటికన్నా చలి చోటు. పది పదిహేను మీటర్ల ఎత్తున, వాలు మీద కాస్త చదునుగా ఉన్న మెట్ట దొరికితే రెండు మూడు డిగ్రీల లాభం ఉంటుంది. ఎండిన వాగు ఇసుక మెత్తగా ఉందని అందులో పడుకోవడం చలి ఒక్కటే కాదు, వానల కాలంలో ప్రాణం మీదికి తెచ్చే పని. పైన ఎక్కడో పడ్డ వాన మన దగ్గరికి చినుకు లేకుండా, వరదగా మాత్రమే వస్తుంది.

చెట్టు కింద వేయాలా, బయలులో వేయాలా అన్నదానికి రెండు జవాబులు ఉన్నాయి. చెట్టు కింద మంచు తక్కువ కురుస్తుంది, దాని కారణం కాసేపట్లో చూద్దాం. అయితే తలెత్తి ఎండుకొమ్మలు ఉన్నాయేమో చూడకుండా ఏ చెట్టు కిందా పడుకోకూడదు. 2024 ఆగస్టు 31న ఈ పక్కనే తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో ఈదురుగాలికి వేల సంఖ్యలో చెట్లు కూకటివేళ్లతో కూలిపోయాయి. గంటల తరబడి వీచిన తుపాను కాదది, కొద్దిసేపటి విలయం. పచ్చని చెట్లే అలా పడితే, చీడపట్టి ఎండిన కొమ్మ పడటానికి పెద్ద గాలి అక్కర్లేదు.

పడక విషయంలో జనం చేసే ఖర్చు తలకిందులుగా ఉంటుందని నా అభిప్రాయం. మందపాటి స్లీపింగ్ బ్యాగ్ కొంటారు, దాని కింద పలచటి ప్లాస్టిక్ పట్టా పరుస్తారు. దుప్పటి అయినా, బ్యాగ్ అయినా మనల్ని వెచ్చగా ఉంచేది గుడ్డ కాదు, దాని పోగుల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలి. వీపు కింద మన బరువుకు ఆ గాలంతా నలిగి బయటికి పోతుంది. మిగిలేది పలచటి గుడ్డ, దాని కింద చల్లటి నేల. రాత్రంతా ఒంట్లోని వేడి నేలలోకి ఇంకిపోతూనే ఉంటుంది. ఫోమ్ చాపలో గాలి చిన్న చిన్న గదుల్లో బందీగా ఉండి బరువుకు నలగదు. అది లేకపోతే ఎండు వరిగడ్డి జానెడు మందాన పరిచినా పనిచేస్తుంది. ప్రతి గడ్డిపరకా లోపల డొల్లే కాబట్టి గాలి నిలుస్తుంది. చేల దగ్గర కాపలా పడుకునే రైతుకు ఇది ఎవరూ నేర్పలేదు.

టెంటు లోపల తడి చూసి చాలామంది గుడ్డ కారిందనుకొని అమ్మినవాణ్ని తిట్టుకుంటారు. ఒక మనిషి ఎనిమిది గంటల నిద్రలో ఊపిరి ద్వారా, చర్మం ద్వారా పావు లీటరు నీటిని ఆవిరిగా వదులుతాడు. నలుగురు పడుకుంటే లీటరు. అదంతా ఎక్కడికో పోవాలి. ఇటు టెంటు పైగుడ్డ రాత్రి ఆకాశానికి ఎదురుగా ఉండి వేడిని పరారుణ కిరణాలుగా వదిలేస్తూ, చుట్టూ ఉన్న గాలికన్నా కూడా చల్లబడుతుంది. చల్లని గుడ్డకు తగిలిన ఆవిరి అక్కడే నీటి బొట్లవుతుంది. చలికి భయపడి జిప్పులన్నీ బిగించేస్తే తడి రెట్టింపవుతుంది. ఎదురెదురుగా రెండు చోట్ల బెత్తెడు సందు వదిలితే ఆవిరి బయటికి పోతుంది, చలి కొద్దిగా లోపలికి వస్తుంది. ఈ బేరం గిట్టుబాటైనదే, ఎందుకంటే తడిసిన దుప్పటి పొడి దుప్పటి చేసే పనిలో సగం కూడా చేయదు. చెట్టు కింద మంచు తక్కువనడానికి కారణమూ ఈ కిరణాలే. పైనున్న ఆకులు తమ వేడిని కొంత టెంటు మీదికి తిరిగి పంపుతాయి, తెరిచిన ఆకాశం అలా పంపదు.

తెల్లవారుజామున నీటి మీద లేచే పొగల దగ్గరికి వద్దాం. ఫొటోల కోసం జనం నాలుగింటికే లేచేది వీటి కోసమే. నీరు 23 డిగ్రీల దగ్గరే ఉంది, గుట్టల మీంచి జారివచ్చిన గాలి 14కు పడిపోయింది. నీటిని ఆనుకున్న పలుచటి పొరలో గాలి వెచ్చగా, తేమతో నిండి ఉంటుంది. అది పైకి లేచి చల్లగాలిలో కలుస్తుంది. చల్లగాలి మోయగల ఆవిరి తక్కువ, ఆ కలయికలో మిగిలిపోయిన ఆవిరి సన్నటి తుంపరలుగా మారుతుంది. చలికాలం మన నోట్లోంచి వచ్చే పొగ కూడా సరిగ్గా ఇదే. కింద వెచ్చన, పైన చల్లన కావడంతో గాలి నిలకడగా ఉండదు. అందుకే ఈ పొగలు దుప్పటి కప్పినట్టు పరుచుకోకుండా పాయలు పాయలుగా, సుడులుగా లేస్తాయి. సాయంత్రం శబ్దాన్ని కిందికి వంచిన అమరిక ఇప్పుడు నీటి ముఖాన తిరగబడిందన్నమాట. పొద్దెక్కి గాలి వెచ్చబడితే పొగలు పోతాయి. ఆకాశం మబ్బు పట్టిన రాత్రి గాలి అంత చల్లబడదు కాబట్టి అసలు పొగలే ఉండకపోవచ్చు. ఫొటో కోసం వెళ్లేవాళ్లు ముందురోజు రాత్రి పిల్లలకోడి చుక్కలు స్పష్టంగా కనిపిస్తున్నాయా లేదా చూసుకుంటే మేలు. వాటిని చూడాలన్నా ఫోను పక్కన పెట్టి ఇరవై, ముప్పై నిమిషాలు ఓపిక పట్టాలి. కంటిలో చీకటి చూపుకు కావలసిన రసాయనం పేరుకోవడానికి అంత సమయం పడుతుంది, ఒక్కసారి తెల్లటి టార్చి వేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

చలిమంట ముందు కూర్చుంటే ముందు కాలుతుంది, వెనక వణుకు. మంట మనకు వేడిని ప్రధానంగా కిరణాలుగా పంపుతుంది, అవి ఎదురుగా ఉన్న ముఖాన్నే తాకుతాయి. మంట మీది వేడిగాలి పైకి లేస్తుంటే దాని చోటు నింపడానికి చుట్టూ ఉన్న చల్లగాలి లోపలికి వస్తుంది, అది మన వీపును రాసుకుంటూ వస్తుంది. ఎటు కూర్చుంటే అటే పొగ వస్తుందన్న ఫిర్యాదుకూ ఇందులోనే కొంత జవాబుంది. మనం కూర్చున్న వైపు గాలి రాకకు మనమే అడ్డు. మిగతా వైపుల నుంచి వచ్చే గాలి పొగను ఇటు నెడుతుంది.

మంట గురించి ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఇవి ఆకురాల్చే అడవులు. టేకు, నల్లమద్ది, తునికి చెట్లు చలికాలం చివర ఆకు రాల్చడం మొదలుపెడితే ఫిబ్రవరి నుంచి మే దాకా అడవి నేలంతా ఎండుటాకుల పరుపే. తెలంగాణ అడవుల్లో కార్చిచ్చు కాలం కూడా సరిగ్గా అదే. ఇప్పపూలు ఏరడానికి చెట్టు కింద నేల శుభ్రం కావాలని, తునికి చిగుళ్లు బాగా రావాలని పెట్టే మంటలు కొన్ని, ఆర్పకుండా వదిలిన బీడీ ముక్కలు, చలిమంటలు కొన్ని. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహాల సాయంతో మంటలు గుర్తించి అటవీ సిబ్బందికి హెచ్చరికలు పంపుతుంది. అందుకు వాడే ఒక పరికరం నేలను 375 మీటర్ల గడులుగా చూస్తుంది. నలుగురు చుట్టూ కూర్చునే చలిమంట దానికి ఆనదు. ఆనేసరికి అది చలిమంట కాదు. నిప్పు మీద మట్టి కప్పి ఆరిపోయిందనుకోవడం పెద్ద పొరపాటు. మట్టి కింద నిప్పు వేడి నిలుపుకొని, ఎండిన వేరు దొరికితే దాని వెంట రాజుకుంటూ పోయి మరునాడు ఇంకోచోట లేవగలదు. నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, చెయ్యి దగ్గర పెట్టి చూసి వెచ్చదనం లేదనుకున్నాకే లేవాలి. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా మంట పెట్టడం నేరం. మంట వేసుకోవడానికి అనుమతించిన శిబిరాల్లో, సిబ్బంది చూపిన చోటే వేసుకోవాలి.

దోమల గురించి ఒక అపోహ ఉంది, పెద్ద చెరువంటే పెద్ద దోమల గుంపని. విశాలమైన నీటిలో అలలుంటాయి, చేపలుంటాయి. దోమ పిల్లలు అక్కడ బతికి బట్టకట్టడం కష్టం. అవి పెరిగేది ఒడ్డున నాచు పట్టిన మూలల్లో, పశువుల గిట్టలు దిగబడిన గుంటల్లో, మత్తడి దిగువన నిలిచిన మడుగుల్లో. టెంటు అలాంటి చోట్లకు దూరంగా, గాలి ఆడే వైపు ఉంటే సగం బాధ తీరుతుంది. దోమ బలహీనంగా ఎగురుతుంది, ఫ్యాను గాలికే నిలవలేదు. ములుగు ఏజెన్సీ మలేరియా ఉన్న ప్రాంతం, దాన్ని మోసే అనాఫిలిస్ దోమ కుట్టేది రాత్రివేళ. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో చలిజ్వరం వస్తే అడవికి వెళ్లొచ్చిన సంగతి డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి.

పాముల్లో భయపడవలసింది కట్లపాముకు. రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి చేరుతుంది, కాటు నొప్పి దాదాపు తెలియదు, చాలాసార్లు గుర్తూ కనబడదు. తెల్లవారి కనురెప్పలు వాలిపోతుంటే, మింగడం కష్టమవుతుంటే అనుమానించాలి. అడుగుగుడ్డ గోడలతో కలిపి కుట్టిన టెంటు, జిప్పు పూర్తిగా వేసి ఉంచితే దానికి మంచి విరుగుడు. పైన చెప్పిన గాలి సందులు దోమతెర ఉన్నచోటే వదలాలని వేరే చెప్పక్కర్లేదు. కాటు వేస్తే కట్లు కట్టడం, కోయడం, మంత్రాలు అన్నీ కాలం వృథా. విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చడమే వైద్యం.

తాగునీటికి తేటదనం కొలమానం కాదు. ఈ ప్రాంతాల్లో బురదనీటిని తేర్చడానికి చిల్లగింజను అరగదీసి కలిపే అలవాటు పాతది. గింజలోని పదార్థాలకు నీటిలో తేలాడే బంకమట్టి రేణువులు అతుక్కొని, గుంపుకట్టి, బరువెక్కి అడుగుకు చేరతాయి. నీరు అద్దంలా తేరుకుంటుంది. కానీ సూక్ష్మజీవులు అందులో ఇంకా మిగిలే ఉంటాయి. తేర్చిన నీటిని తెర్లనిచ్చి కనీసం ఒక నిమిషం మరిగించాలి.

ఇంతవరకు చెప్పిన తారుమారు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సాగే ఆట. మే నెలలో రాత్రి గాలి కూడా నీటికన్నా పెద్దగా చల్లబడదు, పొగలు లేవవు. అప్పుడు చెరువు లోపల వేరే కథ నడుస్తుంది. ఎండకు పైనీరు వెచ్చబడి తేలికవుతుంది, కిందినీరు చల్లగా బరువుగా ఉండిపోతుంది, రెండూ కలవవు. చలిదేశాల సరస్సుల్లోనూ పొరలుంటాయి గానీ, మన వేడిలో రెండు డిగ్రీల తేడా చాలు. 28 డిగ్రీల నీటికీ 30 డిగ్రీల నీటికీ సాంద్రతలో ఉన్న తేడా, 5 డిగ్రీలకూ 7 డిగ్రీలకూ ఉన్న తేడాకు ఎనిమిది, తొమ్మిది రెట్లు. ఈతకు దిగినవాళ్లకు నడుము దాకా వెచ్చగా, పాదాల దగ్గర జివ్వుమని తగిలేది ఆ కింది పొరే. దానికి గాలి అందదు. అడుగున కుళ్లే ఆకులు ఉన్న ప్రాణవాయువును తినేస్తాయి. జూన్‌లో తొలి గాలివాన చెరువును ఒక్కసారిగా కలియబెట్టినప్పుడు ప్రాణవాయువు లేని ఆ నీరు పైకి వస్తుంది. మరునాడు పొద్దున చేపలు నోళ్లు తెరుచుకొని పైకి తేలుతాయి, కొన్ని చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తాయి. ఎవరో మందు కలిపారన్న అనుమానం ఊళ్లో ముందుగా పుడుతుంది. అలాంటి పొద్దున ఒడ్డున దొరికిన చేపను ఉచితంగా వచ్చిందని క్యాంపు పొయ్యి మీదికి ఎక్కించకండి. అది ఎప్పుడు చచ్చిందో, దేనివల్ల చచ్చిందో దాని మొహం చూసి చెప్పలేం.